ఎడిన్‌బరో నేల కింది వీధులు, వాటి దెయ్యాలు

స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరోలో పొద్దుగూకాక గైడ్ వెంట గుంపుగా నడిచి, దెయ్యాలు తిరుగుతాయని పేరుపడ్డ సందులనూ శ్మశానాలనూ నేలమాళిగలనూ చూసివచ్చే ‘ఘోస్ట్ టూర్’ 1980ల నుంచి ఒక వ్యాపారంగా స్థిరపడింది. అయితే దానికి సరుకు సమకూర్చినది అంతకు ఎంతో ముందునుంచి ఆ నగరం పెరుగుతూ వచ్చిన తీరే. కోట నిలిచిన కొండ నుంచి తూర్పుకు దిగే సన్నని మిట్టమీద, ప్రాకారం లోపల ఇరుక్కుపోయిన పట్టణం పక్కలకు విస్తరించే వీలులేక పైకి పెరిగింది. ప్రధాన వీధికి ఇరువైపులా ‘క్లోజ్’ అని వ్యవహరించే ఇరుకైన ఏటవాలు సందుల్లో అంతస్తుల మీద అంతస్తులు లేచాయి. చోటు చాలని తరుణంలో పాతదాన్ని పూర్తిగా పడగొట్టకుండా దానిమీదనే కొత్తది నిలబెట్టిన సందర్భాలు కూడా ఉన్నాయి.

అందుకు మేరీ కింగ్స్ క్లోజ్ మంచి ఉదాహరణ. 17వ శతాబ్దిలో అక్కడ నివసించిన మేరీ కింగ్ అనే వితంతు వ్యాపారి పేరు ఈ సందుకు నిలిచింది. 1753లో వర్తకుల కోసం రాయల్ ఎక్స్ఛేంజ్ భవన నిర్మాణం మొదలైనప్పుడు అక్కడి ఇళ్ల పై అంతస్తులను తొలగించి, కింది గదులను పునాదిగా వాడుకోవడంతో సందులో కొంత భాగం భవనం కిందికి వెళ్లింది. 1645లో ప్లేగు సోకినప్పుడు పట్టణాధికారులు ఈ సందును రెండువైపులా గోడకట్టి మూసి, లోపలివారిని చావడానికి వదిలేశారన్నది చాలాకాలంగా ప్రచారంలో ఉన్న కథ. అది నిజం కాదు. రోగులను ఊరిబయటి మైదానంలో వేసిన గుడిసెలకు తరలించారు. ఇళ్లలో నిర్బంధించిన కుటుంబాలకు తిండి పంపారు. తోలు అంగీ, పక్షి ముక్కులాంటి ముసుగు తొడుక్కుని తిరిగే వైద్యుణ్ణి జీతమిచ్చి నియమించారు. తొలి వైద్యుడు అదే తెగులుతో చనిపోగా ఎక్కువ జీతానికి కుదిరిన జార్జ్ రే మాత్రం బతికి బయటపడి, బకాయి కోసం ఏళ్ల తరబడి పట్టణ సభ చుట్టూ తిరగవలసివచ్చింది. గోడల కథకంటే ఈ బకాయి గొడవలోనే ఆనాటి పాలన స్వభావం బాగా తెలుస్తుంది, కానీ చీకట్లో చెప్పడానికి అది అంతగా పనికిరాదు.

ఈ సందుకు దెయ్యాల పేరు తెచ్చినవారు గైడ్లు కారు. 1685లో జార్జ్ సింక్లైర్ అనే పండితుడు, దయ్యాలూ మంత్రగత్తెలూ నిజమేనని నిరూపించి నాస్తికుల నోరు మూయించే ఉద్దేశంతో అచ్చువేసిన పుస్తకంలో, ఇక్కడ అద్దెకు దిగిన దంపతులకు మొండెంలేని తల, గాలిలో వేలాడే చేయి కనిపించాయని రాశాడు. మతరక్షణకు పుట్టిన కథ మూడు వందల ఏళ్లకు టికెట్టు మీద వినోదమైంది.

సౌత్ బ్రిడ్జ్ కింది మాళిగల చరిత్ర వేరు. 1788లో పూర్తయిన ఈ వంతెనకు 19 కమానులుండగా, చుట్టూ కట్టిన ఇళ్లు వాటిని కప్పేయడంతో బయటికి కనిపించేది ఒక్కటే. మిగిలినవాటి లోపలి గదులను చర్మకారులూ సారాయి దుకాణదారులూ వాడుకున్నారు. పైనుంచి నీరు కారకుండా కట్టుదిట్టం చేయకపోవడంతో కొద్దికాలానికే వారు ఖాళీ చేయగా నిరుపేదలు చేరారు. తరువాత చెత్తాచెదారంతో పూడ్చేసిన ఆ గదులు 1980లలో మళ్లీ బయటపడ్డాయి. 2001లో మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ వైజ్‌మన్, ఏ గదికి ఏ పేరుందో తెలియని సందర్శకులను వాటిలోకి పంపి చూడగా, దెయ్యాల గదులుగా పేరున్నచోటనే ఎక్కువమంది చిత్రమైన అనుభవాలు చెప్పారు. ఆయన దానికి గది కొలతలు, వెలుతురు వంటి భౌతిక కారణాలను చూపాడు.

గ్రేఫ్రైయర్స్ శ్మశానంలో టూర్లు ఎక్కువగా చెప్పేది 1691లో మరణించిన రాజన్యాయవాది జార్జ్ మెకంజీ దెయ్యం గురించి. రాజు చర్చిలో జోక్యం చేసుకోవడాన్ని ఎదిరించి ప్రమాణపత్రం రాసుకున్న ‘కవెనెంటర్ల’ను ఆయన కఠినంగా విచారించి శిక్షింపజేశాడు. 1679లో బాత్‌వెల్ బ్రిడ్జ్ యుద్ధంలో ఓడి పట్టుబడిన సుమారు 1200 మందిని ఈ శ్మశానం పక్కనే ఆరుబయట నెలల తరబడి ఉంచారు. వారిలో రెండు వందలకు పైగా ఖైదీలను విదేశాలకు తరలిస్తున్న ఓడ అదే ఏడాది డిసెంబరులో ఆర్క్‌నీ దీవుల దగ్గర పగిలిపోగా చాలామంది మునిగిపోయారు. మెకంజీ సమాధి దగ్గర గాయపడ్డామని, స్పృహ తప్పామని సందర్శకులు చెప్పడం 1990ల చివర మొదలై, ఇప్పుడు గేటు వేసి ఉంచే ‘కవెనెంటర్ల చెరసాల’ ఆవరణలోకి టూర్లు వెళ్లడానికి కారణమైంది. ఆ ఆవరణ ఆనాటి చెరలో ఒక భాగం మాత్రమే. అందులో కనిపించే సమాధి మందిరాలు కూడా ఖైదీలు పోయిన తరువాతి కాలంలో కట్టినవే.