రెక్కల గుర్రం, పేరులేని నేతగాడు

ధాన్యకటకాన్ని చూసి రాసిపెట్టిన హ్యూయెన్ త్సాంగ్ మనకు ఆత్మీయుడు. మన నేలకు రాకముందు, 630 ప్రాంతంలో, ఆయన సమర్కండ్ మీదుగా ప్రయాణించాడు. అక్కడ రెండు విహారాలున్నా వాటిలో భిక్షువులు లేరని, జనం అగ్నిని కొలుస్తారని ఆయన జీవిత చరిత్ర చెబుతోంది. అది సోగ్డియన్ వర్తకుల నగరం. పట్టు వ్యాపారంలో వారిది పెద్ద చేయి.

ఆ నగరపు పాత దిబ్బ అఫ్రాసియాబ్‌లో 7వ శతాబ్దపు గోడచిత్రాలు 1965లో బయటపడ్డాయి. వాటిలో రాయబారుల అంగీల నిండా ముత్యాల వలయాలు, ఒక్కో వలయంలో ఒక్కో జంతువు. కుక్క తల, సింహం పంజాలు, పక్షి రెక్కలు, నెమలి తోక ఉన్న వింత జీవి సిముర్గ్ కూడా అక్కడుంది. ఈ నమూనా ఇరానీ సంస్కృతికి చెందినది.

మరి బౌద్ధులు దాన్ని పరాయిదని తోసేశారా? లేదు. డున్‌హువాంగ్ 420వ గుహలో, సూయ్ వంశ కాలపు బోధిసత్వుని వస్త్రం మీద అవే ముత్యాల వలయాలు, వాటిలో రెక్కల గుర్రాలు కనిపిస్తాయి. 158వ గుహలో మహాపరినిర్వాణ బుద్ధుని తలగడ మీద, వలయాల్లో, ముక్కున హారం పట్టుకున్న పక్షులున్నాయి. 17వ గుహలో దొరికిన ఒక సూత్రగ్రంథపు చుట్టుగుడ్డకు ఎదురెదురు సింహాల పట్టు అంచు కుట్టారు. ఏ మతంవాడు నేశాడని ధమ్మం అడగలేదు. మనిషికి పుట్టుకను బట్టి అంటు అంటగట్టిన వ్యవస్థను వదిలి వచ్చిన మనకు ఇది చిన్న విషయం కాదు.

అయితే ఇంకొకటి కూడా చూడాలి. బెల్జియంలోని హుయ్ పట్టణంలో, క్రైస్తవ సాధువు అస్థికలతోపాటు భద్రపరచిన మధ్య ఆసియా పట్టు ఒకటుంది. దాని వెనుక సిరాతో రాసిన ఒక వాక్యం ఉంది. 1959లో దాన్ని సోగ్డియన్ రాతగా చదివారు. 2008లో అది అరబిక్ అని తేల్చారు. అందులో ఉన్నది కొన్న సేనాని అబ్దుల్ రహ్మాన్ పేరు, దీనార్లలో కట్టిన వెల. నేసినవాడి పేరు లేదు.

దస్తావేజులో కొన్నవాడు, వెల ఉంటే లావాదేవీ నిలబడుతుంది. చరిత్ర నిలబడటానికి మాత్రం పనిచేసినవాడు కూడా కావాలి. మన పూర్వీకుల్లోనూ ముతక బట్ట నేసినవారున్నారు. వాళ్ల పేర్లూ ఏ కాగితంలోనూ లేవు. ఇంట్లో మగ్గం ఎరిగిన పెద్దలు ఇంకా ఉంటే, ఈ వారమే కూర్చుని వాళ్ల పేర్లు, వాళ్లు నేసిన బట్టల పేర్లు రాసుకుందాం.