డ్రమ్ము మీది గీతలు

మందుల ఫ్యాక్టరీలో డ్రమ్ము మీద పేరు రాయాలంటే ఒకప్పుడు రేకు స్టెన్సిల్, నల్ల రంగు, కుంచె ఉంటే చాలు. సరుకు పేరు, బ్యాచ్ నంబరు, గ్రాస్, టేర్, నెట్ బరువులు. చెయ్యి వణక్కుండా రాసేవాడికి డిస్పాచ్‌లో మంచి గిరాకీ. ఇప్పుడు ఆ చోట తెల్ల స్టిక్కరు, దాని మీద సన్న గీతలో చుక్కల చతురస్రమో ఉంటుంది. కుంచె నుంచి గీతల దాకా వచ్చిన దారిలో పెద్ద యంత్రాల కంటే ఎక్కువ పని చేసింది ఆఫీసు టేబుల్ మీది ఎక్సెల్ షీటు. ఆ సంగతి పెద్దగా ఎవరూ రాసుకోలేదు.

ఈ మార్పును దగ్గర్నుంచి చూసిన ఊళ్లలో కిష్టారెడ్డిపేట ఒకటి. అది బీరంగూడ నుంచి సుల్తాన్‌పూర్ వైపు పోయే దారిలో ఉంది. ఒక పక్క పటాన్‌చెరు, పాశమైలారం. ఇంకో పక్క బొల్లారం. ఉమ్మడి మెదక్ జిల్లాలో పొలాల ఊరుగా ఉన్నది 2016 అక్టోబరు 11న కొత్త సంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది. పొలాలు పోయి ప్లాట్లు, ప్లాట్లు పోయి అపార్టుమెంట్లు వచ్చాయి. చుట్టూ ఉన్న ఫ్యాక్టరీలకు షిఫ్టుకు వెళ్లేవాళ్లు ఇలాంటి ఊళ్లలోనే ఇళ్లు వెతుక్కుంటారు.

ఈ ఫ్యాక్టరీల పట్టీ ఒక్క రోజులో పుట్టలేదు. 1960లలో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, బాలానగర్‌లో మందుల సంస్థ ఐడీపీఎల్ వచ్చాయి. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ వెలిసింది.  1980లలో ఇక్కడి పారిశ్రామికవాడలు నిండాయి. 1985లో ఏషియన్ పెయింట్స్ కూడా పటాన్‌చెరులో ఫ్యాక్టరీ పెట్టింది. ఐడీపీఎల్‌లో పని నేర్చుకున్న కెమిస్టులు బయటికొచ్చి సొంతంగా బల్క్ డ్రగ్ (మందుల్లో వాడే మూల పదార్థం) కంపెనీలు పెట్టారు. వాళ్లలో అంజిరెడ్డి 1984లో పెట్టిన డాక్టర్ రెడ్డీస్, మిథైల్‌డోపా అనే మందుతో మొదలుపెట్టి విదేశీ మార్కెట్లలోకి వెళ్లింది. సరుకు సముద్రం దాటడం మొదలయ్యాక డ్రమ్ము మీది రాత ఊరివాళ్లకు అర్థమైతే చాలదు. హాంబర్గ్ గోడౌన్‌లోని యంత్రానికీ అర్థం కావాలి.

ఆ యంత్రం చదివే భాష, అంటే బార్‌కోడ్, అప్పటికే తయారై ఉంది. 1948–49 చలికాలంలో నార్మన్ జోసెఫ్ ఉడ్‌ల్యాండ్ మయామీ బీచ్ ఇసుకలో వేళ్లు గుచ్చి, మోర్స్ కోడ్‌లోని చుక్కల్నీ గీతల్నీ కిందికి లాగి చూశాడు. స్నేహితుడు బెర్నార్డ్ సిల్వర్‌తో కలిసి అతను పెట్టుకున్న దరఖాస్తుకు 1952లో పేటెంటు దొరికింది. చవకైన లేజర్లు, కంప్యూటర్లు అప్పుడు లేవు కాబట్టి అది చాలాకాలం కాగితంలోనే ఉండిపోయింది. చివరికి 1974 జూన్ 26న ఒహాయో రాష్ట్రం ట్రాయ్ పట్టణంలో మార్ష్ సూపర్ మార్కెట్ కౌంటరు మీద రిగ్లీ చూయింగ్ గమ్ ప్యాకెట్ 67 సెంట్లకు 'బీప్' మంది.

భారతదేశంలో 1996లో ఈఏఎన్ ఇండియా ఏర్పడింది. అదే తర్వాత జీఎస్1 ఇండియా అయింది. ఆ సంస్థ ఇచ్చే బార్‌కోడ్ నంబర్లు 890తో మొదలవుతాయి. 890 కనబడితే సరుకు మన దేశంలో తయారైనట్టేనని వాట్సాప్‌లో తిరిగే మాట తప్పు. కంపెనీ నంబరు ఎక్కడ తీసుకుందో అది చెబుతుంది, ఫ్యాక్టరీ ఎక్కడుందో చెప్పదు. చివర ఉండే చెక్ అంకె తప్పులు పట్టే కాపలాదారు. 890123456789 అనే పన్నెండు అంకెలు తీసుకుని ఒకదాన్ని 1తో, తర్వాతిదాన్ని 3తో హెచ్చిస్తూ కూడితే 130 వస్తుంది. దాన్ని పదుల్లోకి తేవడానికి ఇంకేం కలపక్కర్లేదు కాబట్టి పదమూడో అంకె సున్నా. ఎక్సెల్‌లో ఇది ఒక్క ఫార్ములా పని.

ఇక అసలు కథ. చిన్న కంపెనీకి లేబుల్ సాఫ్ట్‌వేర్ కొనే స్తోమత లేదు. ఆఫీసులో వర్డ్, ఎక్సెల్ మాత్రం ఉన్నాయి. వాటితో గీతలు ఎలా వస్తాయి? డీటీపీ సెంటర్లో కూర్చున్న ఏ తెలుగువాడికైనా దీని జవాబు ముందే తెలుసు. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పనిచేసినప్పుడు కంప్యూటర్ లోపల దాచుకునేది ఇంగ్లీషు అక్షరమే. తెర మీద తెలుగు బొమ్మ కనిపిస్తుంది. బార్‌కోడ్ ఫాంటు కూడా అచ్చం అదే కిటుకు: '7' కొడితే 7కు చెందిన గీతల గుంపు పడుతుంది. ఫాంటు లేని కంప్యూటర్లో అను ఫైలు తెరిస్తే పిచ్చి ఇంగ్లీషు కనిపించినట్టే, ఇక్కడ గీతలు మాయమై రెండు నక్షత్రం గుర్తుల (*) మధ్య బోడి నంబరు మిగులుతుంది.

ఆ నక్షత్రం గుర్తులు ఊరికే పెట్టినవి కావు. అమెరికాలో ఇంటర్‌మెక్ కంపెనీ 1974లో తెచ్చిన 'కోడ్ 39'లో మొదలు, చివర చెప్పడానికి వాటినే వాడతారు. ప్రతి అక్షరానికి తొమ్మిది గీతలు–ఖాళీలు, వాటిలో మూడు వెడల్పు. పేరు అందుకే 'త్రీ ఆఫ్ నైన్'. చెక్ అంకె తప్పనిసరి కాదు. అందుకని ఫాంటు ఒక్కటి వేసుకుంటే పని అయిపోతుంది. ఎక్సెల్‌లో బ్యాచ్ నంబర్ల వరస, వర్డ్‌లో మెయిల్ మెర్జ్, ఏ4 స్టిక్కరు షీటు: సాయంత్రానికి రెండొందల లేబుళ్లు చేతికొస్తాయి.

ఇబ్బంది 1981లో వచ్చిన 'కోడ్ 128'తో మొదలైంది. తక్కువ చోటులో ఎక్కువ సమాచారం పడుతుంది, ఎగుమతి రవాణా లేబుళ్లు దాని మీదే నడుస్తాయి. కానీ అందులో 103తో భాగించి శేషం తీసే లెక్క ఉంది, అది ఫాంటుకు చేతకాదు. 1993లో ఎక్సెల్‌లోకి వచ్చిన విజువల్ బేసిక్ మాక్రోలు ఆ లోటు తీర్చాయి. తర్వాత ఆస్ట్రియా కంపెనీ టెక్-ఐటీ వర్డ్, ఎక్సెల్‌లలోనే బటన్‌గా కూర్చునే అనుబంధం అమ్మింది. అమెరికా వాళ్ల బార్‌టెండర్ సాఫ్ట్‌వేర్ ఎక్సెల్ షీటును డేటాబేస్‌గా చదువుకుని ప్రింటరుకు పంపింది. 2013 వర్డ్‌లో మెయిల్ మెర్జ్‌లోనే బార్‌కోడ్ గీసే ఫీల్డు వచ్చింది. 2020లో ఉచిత లిబ్రేఆఫీస్ క్యూఆర్ కోడ్ గీయడం నేర్చుకుంది.

గీత తెర మీద బాగుంటే చాలదు, స్కానరుకు అందాలి. 203 డీపీఐ లేబుల్ ప్రింటరు మిల్లీమీటరుకు 8 చుక్కలు మాత్రమే వేస్తుంది. 'ఫిట్ టు పేజ్' నొక్కి బొమ్మను కాస్త కుదిస్తే కొన్ని గీతలు ఒక చుక్క కోల్పోతాయి, కొన్ని కోల్పోవు. కంటికి తేడా తెలియదు, స్కానరు మాత్రం మూగబోతుంది. ప్రింటరు రిబ్బన్ ఇంకో తలనొప్పి. చవకైన వ్యాక్స్ రిబ్బన్ గుర్తులు సాల్వెంటు తగిలితే చెరిగిపోతాయి, రెసిన్ రిబ్బనైతే నిలుస్తుంది. రసాయనాల నడుమ తిరిగే డ్రమ్ముకు పొదుపు చేసి వ్యాక్స్ కొనడం తెలివి కాదు.

ఆ తర్వాత ప్రభుత్వాలే ఈ పనిని చట్టం చేశాయి. విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ 2011 జనవరిలో ఇచ్చిన నోటీసుతో ఎగుమతి మందుల పెట్టెలకు బార్‌కోడ్ తప్పనిసరి కావడం మొదలైంది. ఈ పట్టీకి ఎక్కువగా తగిలింది మాత్రం 2022 జనవరి నోటిఫికేషన్. 2023 జనవరి 1 నుంచి బల్క్ డ్రగ్ ప్యాకింగ్ ప్రతి అంచె మీదా క్యూఆర్ కోడ్ ఉండాలన్నారు. మందు పేరు, తయారీదారు చిరునామా, బ్యాచ్ నంబరు, బ్యాచ్ సైజు, తయారీ తేదీ, రీటెస్ట్ లేదా ఎక్స్‌పైరీ తేదీ, లైసెన్సు నంబరు, రవాణా కోడ్, నిల్వ నియమాలు అన్నీ అందులో ఇమడాలి. జపాన్‌లో మసాహిరో హరా బృందం 1994లో కారు విడిభాగాల కోసం చేసిన చతురస్రం ఇలా బొల్లారం డ్రమ్ముల మీదికి చేరింది. కిష్టారెడ్డిపేటకు దగ్గర్లో, సుల్తాన్‌పూర్‌లో 2017లో శంకుస్థాపన జరిగిన మెడికల్ డివైసెస్ పార్కుదీ ఇదే బాట: అదే ఏడాది వచ్చిన వైద్య పరికరాల నిబంధనలు ప్రతి పరికరానికీ విడి గుర్తింపు కోడ్ అడిగాయి.

పెద్ద కంపెనీలు ఎక్సెల్‌ను దాటి పోయాయి, అందుకు కారణం ఉంది. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో చెరగని చిట్టా ఉండాలని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1997లోనే నియమం పెట్టింది. మామూలు షీటులో సెల్లు చెరిపి మళ్లీ కొడితే జాడ ఉండదు. తనిఖీకి వచ్చిన అధికారి ముందు అది నిలవదు.

ఒక్క మాట పక్కకు పోయి చెప్పుకోవాలి. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం, దాదాపు 90 బల్క్ డ్రగ్ కంపెనీల మురుగు చేరే పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని ప్రకటించింది. డ్రమ్ములోకెక్కిన ప్రతి కిలోకూ చిరునామా రాసే ఏర్పాటు ఉంది. వాగులో కలిసినదానికి అలాంటి లేబుల్ లేదు.

చిన్న యూనిట్లలో ఎక్సెల్‌తో ఇంకా లేబుళ్లు తీస్తున్నవాళ్లకు ఒక సంగతి. రవాణా కోడ్‌లో 18 అంకెలు ఉంటాయి, ఎక్సెల్ సంఖ్యలో నిలుపుకునేది 15 మాత్రమే. చివరి మూడూ చెప్పకుండా సున్నాలైపోతాయి, అలా అయితే వరసగా ఉన్న డ్రమ్ములకు ఒకే నంబరు పడుతుంది. నంబరు కొట్టే ముందు ఆ సెల్లును టెక్స్ట్‌గా మార్చండి. కొట్టాక మారిస్తే పోయిన అంకెలు తిరిగి రావు.