వరమే వేలుపగునప్పుడు



విగ్రహమనగానే మన క్రైస్తవులకు పొరుగువారి గుడి స్ఫురించును గాని మన యింటి మూల స్ఫురింపదు. బైబిలునందు రెండవ రాజుల గ్రంథము 18వ అధ్యాయమున ఒక చిన్న సంగతి కలదు. యూదా రాజగు హిజ్కియా, మోషే చేసిన ఇత్తడి సర్పమును ముక్కలు ముక్కలుగా పగులగొట్టించెను. అది దొంగ వేలుపు కాదు. అరణ్యమున పాముకాటునకు చచ్చుచున్న జనులు బ్రదుకుటకై దేవుని యాజ్ఞచేతనే చేయబడినది. దానివైపు చూచినవారు నిజముగనే బ్రదికిరి. అట్టి వస్తువునకు, కొన్ని వందల యేండ్లు గడచిన పిమ్మట, ప్రజలు ధూపము వేయుచుండిరి. కీడు చేసిన వస్తువైనచో అంతకాలము దాచియుండరు. మేలు చేసినది గనుకనే దాచిరి. దాచినది గనుకనే మ్రొక్కిరి.

నేను నేడు ముచ్చటింపదలచినది హైదరాబాదునకు పడమట, మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి ప్రాంతములందు కంప్యూటరు కొలువులు చేసికొనుచు కాపురముండు క్రైస్తవ కుటుంబములను గూర్చి. కాని అచ్చటికి చేరవలెనన్న చరిత్ర త్రోవ ఒంగోలు మీదుగను, మెదకు మీదుగను పోవుచున్నది.

1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును మాడ్చిన కరవును మన పెద్దలు ధాత కరవని చెప్పుకొనిరి. అప్పుడు ఒంగోలునందున్న అమెరికను బాప్తిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ దొర, యౌవనమున భూమి కొలుచు పని నేర్చినవాడు. దొరతనమువారు కరవు పనిగా త్రవ్వించుచున్న బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల భాగమును ఆయన గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి పని చూపెను. తెలుగు బోధకులే మేస్త్రీలైరి. పగలు మన్ను మోసినవారు సాయంకాలము వారి చుట్టు కూర్చుండి క్రీస్తు కథ వినుచుండిరి. అనేకులు బాప్తిస్మమునకు సిద్ధపడిరి.

క్లౌ దొర ఇయ్యననెను. పని కావలెనన్న పని ఇచ్చెను, కూలి ఇచ్చెను, బాప్తిస్మము మాత్రము సుమారు 15 నెలలు ఆపివేసెను. సంఖ్యలను చూచి మురియు మిషనరీకి ఇది చిన్న త్యాగము కాదు. వచ్చుచున్నవారు దేవుని కొరకు వచ్చుచున్నారా, గంజి కొరకు వచ్చుచున్నారా అని ఆయన భయము. ఆకలిగొన్నవానితో అన్నము విగ్రహమని చెప్పువాడు క్రూరుడు; ఆయన అట్లు చెప్పలేదు. అన్నమును అన్నముగా పెట్టెను, దానిని దేవుని పీఠము మీద మాత్రము పెట్టనీయలేదు. 1878లో సహాయము ముగిసెను, ఇక పంచుటకు సొమ్ము లేదని చెప్పిరి. అయినను జనులు కదలక, మేము కష్టము చేసి బ్రదికితిమి, సొమ్మునకు రాలేదని అరచేతుల బొబ్బలు చూపిరని చెప్పుదురు. ఆ యేడు జూలై 3వ తేదీని, వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. కూటి కొరకు మతము మారిరని వారిని ఎగతాళి చేసినవారు ఆనాడును కలరు, నేడును కలరు. కూడు ఆగిపోయిన తరువాత వచ్చినవారిని గూర్చి ఆ మాట ఎట్లు చెల్లునో నాకు తెలియదు.

మెదకు కథ వేరు రీతిది. అచ్చట వెస్లియను మిషనరీ చార్లెసు వాకరు పాస్నెట్టు 1914లో దేవాలయమును ప్రారంభించి, కరవు దినములలో రాళ్లు మోసినవారికి తిండి కల్పించెను. 1924 డిసెంబరు 25వ తేదీని ప్రతిష్ఠ జరిగెను. నూరడుగుల వెడల్పు, ఇన్నూరడుగుల పొడవు, 175 అడుగుల గోపురము. ఆ మిషనువారే బడులు పెట్టిరి, ఆసుపత్రులు పెట్టిరి. 1915లో డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ దొరసాని కుష్ఠురోగులకు వైద్యశాల నెలకొల్పెను. కోస్తాజిల్లాలలో చదువు అంతకుముందే నాటుకొన్నది. మచిలీపట్టణమున రాబర్టు నోబులు బడి 1843 నాటిది, గుంటూరు లూథరను కళాశాల 1885 నాటిది. ఊరి బయటకు నెట్టబడిన పల్లెలలోని బిడ్డ పలక పట్టెను. ఆ బిడ్డ కొడుకు ఉపాధ్యాయుడయ్యెను, మనుమరాలు నర్సు అయ్యెను, మునిమనుమడు ఇంజనీరయ్యెను.

ఈ మెట్లను ఇంగ్లండులోనే ముందుగా కనిపెట్టి భయపడినవాడు ఒకడు కలడు. మెదకువారి మతగురువగు జాన్ వెస్లీయే ఆయన. భక్తి గలవాడు కష్టించి పనిచేయును, దుబారా చేయడు. అందుచేత ధనము చేరును. ధనము చేరినకొలది భక్తి తరుగును. ఇట్లు భక్తి తన బిడ్డచేతనే చచ్చునా యని 1786లో ఆ వృద్ధుడు వ్రాసెను. దుర్మార్గమువలన గాక సన్మార్గమువలననే ప్రమాదము వచ్చుటను ఇంత సూటిగా చెప్పినవారు తక్కువ.

1998 నవంబరు 22వ తేదీని ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి మాదాపూరులో సైబర్ టవర్సును ప్రారంభించెను. రాతిగుట్టల నేల హైటెక్ సిటీ యయ్యెను. పిమ్మట గచ్చిబౌలి, నానక్‌రాంగూడ వరకు అద్దాల మేడలు లేచెను. ఆ మేడలలో కూర్చున్నవారిలో, ముత్తాత ఒక కరవులో మన్నో రాయో మోసిన క్రైస్తవులును కలరు. ఈ ఉద్యోగమును తేలికగా మాటాడుటకు నాకు నోరు రాదు. తాతను గడపలోనికి రానీయని ఊరి పెద్ద మనుమడు, ఈతని ప్రక్కకుర్చీలో కూర్చుండి ఈతనినే సలహా అడుగుచున్నాడు. ఇది దేవుని మేలు కాదని యెవడనగలడు?

చిక్కంతయు అచ్చటనే ఉన్నది. మన పొరుగువారు వీసా కొరకు చిలుకూరు బాలాజీ గుడికి పోయి 11 ప్రదక్షిణములు చేయుదురు; మనవారు అదే వీసా కొరకు ఉపవాస ప్రార్థనలకు పోవుదురు. వారు కోరిక తీరిన పిమ్మట మరల వచ్చి 108 ప్రదక్షిణములు చేయుదురు. మనవారు ఒక్క కృతజ్ఞతా కూటము పెట్టి, బిరియానీ వడ్డించి, ఆ మీదట కనబడుట తగ్గించుదురు. అడుగునప్పుడు దేవుడు ద్వారము, ఉద్యోగము లోపలి గది. లోపలికి పోయినవానికి ద్వారముతో పనియేమి?

అమెరికా గడియారమును బట్టి పనిచేయువానికి శనివారపు తెల్లవారుజామే నిద్రవేళ. ఆదివారము వచ్చుసరికి దేహము మొరాయించును. బిడ్డకు ఆ ఉదయమే కోచింగు పరీక్ష. ఇంటి అప్పు కంతు కట్టవలెను గనుక పై ఉద్యోగము విడువరాదు. వీనిలో ఒక్కటియు పాపము కాదు. బిడ్డ చదువును, ఇంటిని, పనిని ప్రేమించుమనియే గ్రంథము చెప్పుచున్నది. త్రాగుబోతు తన జబ్బు నెరుగును. మంచి తండ్రి ఎరుగడు, ఏలయన ఎల్లరును అతనిని మెచ్చుకొనుచున్నారు. సంఘపు పనియు దీనికి మినహాయింపు కాదు. పాటల బృందమునకు, ప్రసార యంత్రములకు వారమంతయు పరుగెత్తి, ఒంటరిగా మోకరించుట మరచినవారిని చూచితిని.

ఈ నగరముననే మరియొక బ్రదుకు ముగిసినది. పంజాబులో 1903లో జన్మించిన భక్తసింగు 1926లో ఇంజనీరింగు చదువ లండను పోయి, ఆ మీదట కెనడా చేరెను. నేటి తెలుగు యువకుడు కలగను త్రోవయే అది! 1929లో అచ్చటనే క్రీస్తును నమ్మి, 1933లో బొంబాయి రేవున దిగగా, విశ్వాసమును గుట్టుగా నుంచుకొనుమని తలిదండ్రులు బ్రతిమాలిరి. వారు చెడ్డవారు కారు; ప్రేమచేతనే అడిగిరి. ఆయన ఒప్పుకొనలేక, ఇల్లు విడిచి వీధులలో బోధించెను. 1950లో హైదరాబాదు గోల్కొండ చౌరస్తాలో హెబ్రోను మందిరమును స్థాపించి, జీతము లేకయే జీవించి, 2000 సెప్టెంబరు 17న కన్నుమూసెను. సైబర్ టవర్సు తెరచి అప్పటికి రెండేండ్లయినను నిండలేదు. ఆయన చదువును దూషించినవాడు కాడు, చదివిన చదువును దేవుని చేతిలో పెట్టినవాడు.

అందరును ఇల్లు విడువనక్కరలేదు. మెదకువారి గురువు మార్గము మరియొకటి కలదు. వెస్లీ ఆక్సుఫర్డులో నున్ననాడు యేటికి 30 పౌనులు రాగా 28తో గడపి, రెండు బీదలకిచ్చెను. మరుసటి యేడు 60 వచ్చెను. 28తో గడపి 32 ఇచ్చెను. మూడవ యేట 90 వచ్చెను. నాలుగవ యేట 120 వచ్చినప్పుడును 28తోనే గడపి, తక్కిన 92 పౌనులను పంచిపెట్టెను.