వయసు మీరాక ఏ రంగు

కణేకల్‌లో తెల్లచీర తెల్లగా ఉండదు. ఆషాఢం గాలి లేచిందంటే హగరి ఇసుక ఊరి మీదికి వస్తుంది. వేదవతినే మేం హగరి అంటాం. ఏటి ఒడ్డున మా దగ్గరా, బొమ్మనహాళ్ వైపూ ఆ ఇసుక దిబ్బలుగా మేట వేసిన చోట్లు ఉన్నాయి. చేను, బాట, వాకిట్లో ఆరేసిన గుడ్డ, దేన్నీ అది వదలదు. ఇక వాన సంగతి తెలిసిందే. ఉమ్మడి అనంతపురం జిల్లా మొత్తానికి ఏడాది సగటు సుమారు 550 మిల్లీమీటర్లు. తాగే నీళ్లకే బిందెలు వరుస కట్టిన ఊళ్లో, తెల్లగుడ్డ కట్టుకొని చెనక్కాయ చేలో వంగి పనిచేసి, దాన్ని మాపు లేకుండా ఉంచుకొమ్మనడం మనిషిని హింస పెట్టడమే. అయినా మా అవ్వల కాలంలో మొగుడు పోయిన ఆడదానికి చాలా ఇళ్లల్లో మిగిలింది ఆ రంగే. కొన్ని ఇళ్లల్లో కావిచీర. ముత్తైదువకు అంత కట్టుబాటు లేకపోయినా, కోడలు కాపురానికి వచ్చిందంటే అత్త చీర రంగు దిగిపోవాల్సిందే.

నేను ఈ ఊళ్లో చీరల అంగడి నడుపుతాను. మా నాయన ఉరవకొండలో మగ్గం గుంట పక్కన పుట్టి, చీరల మూట సైకిలుకు కట్టుకొని ఊళ్లు తిరిగి, చివరికి కణేకల్‌లో నిలిచినాడు. రాయదుర్గం తాలూకా అంతకుముందు బళ్లారి జిల్లాలో ఉండేది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఇటు వచ్చింది, 1956లో అనంతపురం జిల్లాలో కలిసింది. అందుకే మా ఊరికి చీర రెండు దిక్కుల నుంచీ వచ్చేది. అటు నుంచి ఇల్కల్, మొలకాల్మూరు. ఇటు నుంచి ఉరవకొండ, ధర్మవరం. ఈ నాలుగు చోట్ల నేతగాళ్లకూ ముదురు రంగుల మీదే చెయ్యి. దానికి కారణం అందం ఒక్కటే కాదు, అద్దకం కూడా.

ఫ్యాక్టరీ పొట్లాల రంగులు రాకముందు సీమలో చీరకు దొరికే రంగులు కొన్నే. ఎరుపుకు తొగరు వేరు, లక్క. పసుపుకు పసుపుకొమ్ము, మోదుగపూలు. నలుపుకు కరక్కాయ, తుప్పు ఇనుము. నీలానికి నీలిమందు, దాన్ని కడప, కర్నూలు సీమల్లో విస్తారంగా పండించేవాళ్లు. నీలి అద్దకం అన్నిటికన్నా ఓపిక పని. నీలిమందు నీళ్లలో ఊరికే కరగదు. సున్నం వేసి, తగిరిశ గింజలు ఉడికించి పోసి, బానను రోజుల తరబడి పులియబెట్టాలి. పులిసిన బానలో నూలు ముంచి పైకి తీస్తే నీలంగా ఉండదు, పసరు పచ్చగా ఉంటుంది. గాలి తగిలే కొద్దీ కళ్ల ముందరే ఆ పచ్చ నీలానికి తిరుగుతుంది. ఒక ముంపుకు లేత ఆకాశం రంగు. ఆరబెట్టి మళ్లీ ముంచితే ఇంకాస్త. అట్లా ముంచగా ముంచగా నేరేడుపండు నలుపు దాకా పోతుంది. ప్రతి ముంపుకూ కూలి ఉంటుంది కాబట్టి ముదురు నీలం చీర ఖరీదు ఎక్కువ, మన్నిక కూడా ఎక్కువ. దుమ్ము కనపడదు, ఎండకు వెలవదు. పసుపు చీర అట్లా కాదు, నాలుగు ఎండలకు పాలిపోతుంది.

మా వైపు వయసుకూ రంగుకూ ముడి ఇక్కడే పడిందని నా నమ్మకం. నిలవని రంగులు పెళ్లికీ పండగకూ పోయినాయి, అంటే పడుచువాళ్లకు. నిలిచే రంగులు నడివయసుకు వచ్చినాయి, ఎందుకంటే ఆ చీర చేల్లోకీ పేడ పనికీ ఆగాలి. ముసలితనానికి ప్రత్యేకంగా ఎవరూ అద్దలేదు. ఉన్న చీరే వెలిసి వెలిసి ఆమెతో పాటు ముసలిదయ్యేది. వెలిసిన రంగును చూసి చూసి, ముసలివాళ్లకు తగిన రంగు అదేనని తర్వాతి తరం అనుకుంది. లేమి వల్ల వచ్చిన అలవాటు మర్యాదగా మారింది.

రంగు మీద మనవాళ్లకు మోజు తక్కువేం కాదు. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు చూసినవాళ్లకు ఆ మాట చెప్పక్కర్లేదు. అచ్యుతదేవరాయల ఏలుబడిలో, 1529-1542 మధ్య నాటి ఆ గుడి బొమ్మల్లో ఎరుపు నేల మీద కావి, నలుపు, తెలుపు, పచ్చ. నీలం బహు అరుదు. ఆ బొమ్మల్లోని ఆడవాళ్ల చీరల మీది గళ్లూ చారలూ పూలూ చూసి ఇప్పటికీ మగ్గాల మీద అచ్చుకట్టి నేస్తున్నారు. నాకు మాత్రం ఆ బొమ్మల్లో చీర అంచు కన్నా ఎక్కువ నచ్చేది ఒకటుంది. ఒంటి చాయ పక్కన గుడ్డ రంగు ఎట్లా నిలబడాలో ఆ చిత్రకారులకు బాగా తెలుసు. ఏ ఒక్క మొహమూ చీర వల్ల మసకబారలేదు.

1856 సంవత్సరాన్ని చీరల చరిత్రలో మర్చిపోకూడదు. ఆ ఏడాది జులైలో హిందూ వితంతువుల పునర్వివాహ చట్టం వచ్చింది. ఆగస్టులో లండన్‌లో విలియం హెన్రీ పెర్కిన్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడు, మలేరియాకు క్వినైన్ చేయబోయి తారులోంచి తీసిన ఊదారంగుకు పేటెంటు తీసుకున్నాడు. చట్టం ఒక తలుపు తెరిచింది, రంగు ఇంకొకటి తెరిచింది. చట్టం ఊళ్లోకి రావడానికి చాలా కాలం పట్టింది. కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరులో. మా సీమకు ఆ గాలి ఇంకా ఆలస్యంగా తగిలింది. పొట్లాల రంగు మాత్రం ఆగలేదు. తొగరు వేరు చేసే పనిని 1869 నుంచి ఫ్యాక్టరీ ఎరుపు చేయసాగింది. 1897లో జర్మనీ వాళ్లు ఫ్యాక్టరీ నీలిని అమ్మకానికి పెట్టినారు, కొన్నేళ్లలోనే మన నీలి చేలు మూలపడినాయి. అద్దకపు కులాల పొట్ట మీద పెద్ద దెబ్బే అది. కానీ కట్టుకునే మనిషి వైపు నుంచి చూస్తే, ఏ రంగైనా ఏ ఖరీదుకైనా దొరికే కాలం వచ్చింది. అయినా పెద్దవయసు ఆడవాళ్ల పెట్టె తెరిస్తే ఆ మార్పు కనపడేది కాదు. రంగు చవకయింది, కట్టుబాటు కాలేదు.

ఆ కట్టుబాటును నేతగాళ్లు ఒక ఉపాయంతో దాటినారు. పడుగు ఎరుపు, పేక నీలం వేసి నేస్తే, చీర దూరానికి వంకాయ రంగులో కనపడుతుంది. దగ్గరగా పట్టుకొని మడత విప్పి వెలుగులో తిప్పితే ఒక వంక ఎరుపు మెరుస్తుంది, ఇంకో వంక నీలం. ధర్మవరం వాళ్లు ఈ రెండు ఛాయల నేతలో మొనగాళ్లు. ఎర్రచీర కట్టకూడదన్న అవ్వకు వంకాయ రంగు చీర కట్టుకోవడానికి ఎవరూ అడ్డు చెప్పరు. కానీ ఆ చీరలో సగం దారాలు ఎర్రవే. మా నాయన మూటలో ఈ చీరలు అన్నిటికన్నా కింద ఉండేవి, పెద్దవాళ్ల కోసమని దాచిపెట్టేవాడు.

ఆయన అమ్మే తీరు చెప్పాలి. వయసు అడిగేవాడు కాదు. చీర మడతను చేతి మీద పరిచి చూపడం ఆయనకు నచ్చేది కాదు, ఎందుకంటే చేయి చాయ వేరు, మొహం చాయ వేరు. ఎండలో పనిచేసేవాళ్లకు మరీనూ. కొంగు విప్పి మెడ దగ్గర పట్టుకొమ్మనేవాడు. ముసలావిడ వెనక్కి తగ్గేది. “నాకెందుకప్పా ఈ వయసులో ఇంత రంగు? నలుగురూ నగుతారు” అనేది. “నగనీలే అవ్వా, నీ నెరిసిన తలకు ఈ రంగు ఎట్ల కూర్చుండాదో అద్దంలో సూస్కో” అనేవాడు. అద్దం మూటలోనే ఉండేది. చాలామంది చూసుకొని, మళ్లీ మడతపెట్టి, పాలిపోయిన చీరే తీసుకొని పోయేవాళ్లు. కొందరు మాత్రం పంట వచ్చినాక ఇస్తామని చెప్పి రంగు చీరే ఉంచుకునేవాళ్లు. ఆ అప్పులు వసూలు చేయడానికి ఆయన ఎప్పుడూ తొందరపడలేదు.

మా నాయన చదువుకోలేదు. ఆయన చేతితో చేసిన పనినే పారిస్‌లో గోబెలిన్ నేతశాల అద్దకాల పెద్ద మిషెల్ షెవ్రల్ 1839లో పుస్తకంగా రాసినాడు. నలుపు దారం నల్లగా లేదని నేతగాళ్లు గొడవపెడితే పరీక్ష చేసి, తప్పు అద్దకానిది కాదు, పక్కనున్న రంగుదని తేల్చినాడు. ఒక రంగు తన పక్క రంగును మార్చి చూపిస్తుందని చెప్పి, ఏ ఒంటి చాయకు ఏ గుడ్డ నప్పుతుందో కూడా రాసినాడు. ఆ దారిలోనే 1980లో అమెరికాలో క్యారల్ జాక్సన్ మనుషులను నాలుగు రుతువులుగా విడగొట్టి రంగులు చెప్పే పుస్తకం రాస్తే అది లక్షల్లో అమ్ముడైంది. జుట్టు నెరిస్తే రంగులు మెత్తబడాలి, లేతగా కట్టుకోవాలి అనే మాట అట్లాంటి చోట్ల నుంచే మన పత్రికల్లోకీ అంగళ్లలోకీ వచ్చింది. పాత కట్టుబాటుకు కొత్త సాక్ష్యం దొరికినట్టయింది.

ఆ మాట వాళ్ల మొహాలకు నిజం కావచ్చు. తెల్లని ఒంటికి జుట్టు తెల్లబడితే మొహానికీ జుట్టుకూ తేడా తగ్గుతుంది. అంతా మెత్తగా అవుతుంది, గాఢమైన రంగు దాన్ని మింగేస్తుంది. మా కణేకల్ అవ్వను చూడండి. చామనచాయ, లేదా అంతకన్నా నలుపు. పడుచుతనంలో నల్లని జుట్టు, నల్లని మొహం, రెండూ ఒకటిగా కలిసిపోయి ఉండేవి. ఇప్పుడు ఆ నల్లని మొహం చుట్టూ వెండి జుట్టు. తేడా తగ్గలేదు, ఎన్నో రెట్లు పెరిగింది. ఆమె జీవితంలో ముదురు రంగును అన్నిటికన్నా బాగా మోయగల వయసు ఇదే. సరిగ్గా ఇప్పుడే మనం ఆమె చేతికి బూడిద రంగు, గంధం రంగు పాలిస్టర్ చీర ఇస్తున్నాం. ఇది నాకు బాధ కలిగించే విషయం, చెప్పకుండా ఉండలేను.

చర్మం కూడా మారుతుంది. వయసు పెరిగేకొద్దీ రంగునిచ్చే కణాలు తగ్గుతాయి, ఉన్నవి పెద్దవవుతాయి. ఎండ తిన్న చెంపల మీద మంగు మచ్చలు, కళ్ల కింద నలుపు వస్తాయి. ఇసుక రంగు, బూడిద రంగు కొంగు గడ్డం కింద ఉంటే ఆ మచ్చలన్నీ పైకి తేలి మొహం దుమ్ముపట్టినట్టు కనపడుతుంది. సున్నంలాంటి తెలుపు పక్కన పెడితే నలుపు ఇంకా నలుపవుతుంది. షెవ్రల్ చెప్పింది అదే. కుంకుమ, నెమలికంఠం, బచ్చలిపండు, ముదురు ఆకుపచ్చ, పండుమిరప, వీటి పక్కన మొహం తేరుకుంటుంది. పసుపులో అయితే నిమ్మపండు రంగు వద్దు, ఆవపొడి రంగు మంచిది.

కన్ను కూడా మారుతుందని చాలామందికి తెలియదు. కంటిలోపలి కటకం వయసుతో పసుపు పడుతుంది, శుక్లం ముదిరితే గోధుమ రంగుకు తిరుగుతుంది. నీలం చాలావరకు లోపలికి రాదు. ఫ్రాన్స్ చిత్రకారుడు మోనే 1923లో శుక్లం తీయించుకున్నాక లోకమంతా నీలంగా కనపడుతోందని గోలపెట్టినాడు. మా అంగట్లోనూ అదే చూస్తుంటాను. ఆపరేషన్ కాకముందు నీలం చీరను నల్లచీర అని పక్కన పెట్టిన మనిషే, కట్టు విప్పినాక వచ్చి పాలపిట్ట రంగు కావాలని అడుగుతుంది. కూతురు వద్దంటుంది. నేను తల్లి వైపే మాట్లాడతాను.

తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లు వచ్చి కణేకల్‌లో వరి పండిన తర్వాత, చీర పంట అప్పు మీద కాక డబ్బు మీద కొనే ఇళ్లు పెరిగినాయి. పక్కన రాయదుర్గంలో జీన్స్ కుట్టే ఇళ్లు వచ్చినాయి, ఆడపిల్లలు అక్కడికి కూలికి పోయి తమ జీతంతో అవ్వలకు చీరలు కొంటున్నారు. ఆ పిల్లలు వచ్చి “మా అవ్వకు, లైట్ కలర్ చూపించండి” అంటే, అవ్వను పిల్చుకొని రమ్మంటాను. రాలేకపోతే ఫోన్‌లో ఆమె ఫొటో చూపించమంటాను, మొహం మీద ఎండ పడిన ఫొటో. ట్యూబులైటు కింద ఏ రంగూ నిజం చెప్పదు కాబట్టి చీరను వసారాలోకి తెచ్చి విప్పుతాను. అంచు కన్నా కొంగు రంగు చూడమంటాను, మొహం పక్కన ఉండేది అదే కాబట్టి. చీర ఒళ్లు లేత రంగే కావాలని పట్టుబడితే, కొంగైనా కుంకుమ రంగు ఉన్నది తీస్తాను. ఇల్కల్ వాళ్లు ఎర్ర కొంగును ఎప్పటినుంచో నేస్తున్నారు, వాటిని అంగట్లో ఎప్పుడూ అయిపోనివ్వను.