కూలింగ్ గ్లాసెస్ మీద పేరు ఒకరిది, తయారీ మరొకరిది

షాపులో ప్రాడా, షనెల్, వెర్సాచే, అర్మానీ కూలింగ్ గ్లాసెస్ పక్కపక్కనే కనిపిస్తాయి. ఎవరివి వాళ్లే తయారు చేసుకుంటారని అనుకుంటాం. నిజానికి ఈ నాలుగింటినీ చేసేది ఇటలీకి చెందిన ఒకే కంపెనీ, లగ్జోటికా. లియొనార్డో డెల్ వెకియో 1961లో అగోర్డో అనే చిన్న ఊళ్లో దీన్ని పెట్టారు. మొదట్లో కళ్లజోళ్ల విడిభాగాలు చేసేవారు. 1988లో అర్మానీతో లైసెన్స్ కుదిరింది.

లైసెన్స్ అంటే పేరును అద్దెకివ్వడమే. ఫ్యాషన్ కంపెనీ తన లోగో వాడుకోనిస్తుంది, డిజైన్ చూసి సరే అంటుంది. ఫ్యాక్టరీ, సరుకు, అమ్మకం కళ్లజోళ్ల కంపెనీ చూసుకుంటుంది. అమ్మకాల మీద ఇంత శాతమని రాయల్టీ కడుతుంది. సరుకు పోకపోయినా కనీసం ఇంత కట్టాలని చాలా ఒప్పందాల్లో ఉంటుంది.

గడువు తీరితే పేరు చేతులు మారొచ్చు. అర్మానీ 2003లో సఫీలో కంపెనీకి వెళ్లి, 2013లో మళ్లీ లగ్జోటికాకే వచ్చింది. గుచ్చి యజమాని కెరింగ్ అయితే సొంతంగా కళ్లజోళ్ల వ్యాపారం పెట్టుకోవడానికి సఫీలోతో ఒప్పందాన్ని రెండేళ్ల ముందే ముగించి, 9 కోట్ల యూరోల పరిహారం ఇచ్చింది. పేరు విలువ అంత!

రేబాన్ సంగతి వేరు. లగ్జోటికా 1999లో ఆ బ్రాండ్‌నే కొనేసింది. రాజస్థాన్‌లోని భివాడీలోనూ దానికి ఫ్యాక్టరీ ఉంది.

ఆ రాయల్టీ చివరికి మన బిల్లులోనే పడుతుంది. కళ్లను కాపాడేది మాత్రం లెన్సే. యూవీ 400 అని ఉందో లేదో చూడండి. కొన్ని ఆప్టికల్ షాపుల్లో మీటర్‌తో చెక్ చేసి చెబుతారు. యూవీని ఆపని నల్లద్దాలైతే ఇంకా ప్రమాదం, చీకటికి కంటిపాప పెద్దదై ఆ కిరణాలు ఎక్కువగా లోపలికి పోతాయి.