ఫుల్లర్ ఆల్‌బ్రైట్ పరిశోధన పత్రాలు: మూత్రపిండం, పారాథైరాయిడ్

ఫుల్లర్ ఆల్‌బ్రైట్ (1900–1969) పరిశోధనలో ఎక్కువ భాగం ఒక లెక్క చుట్టూ తిరిగింది: రోగి తిన్న కాల్షియం, ఫాస్ఫరస్ ఎంత, మూత్రంలో పోయింది ఎంత? అమెరికాలోని బఫెలోలో పుట్టి, 1924లో హార్వర్డ్ వైద్య పట్టా పుచ్చుకున్న ఆయన ఉద్యోగ జీవితంలో అధిక భాగం బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రిలో గడిచింది.

1929లో ఎల్స్‌వర్త్‌తో కలిసి రాసిన పత్రంతోనే ఈ దారి మొదలైంది. పారాథైరాయిడ్ హార్మోన్ చాలని రోగికి ఆ గ్రంథి సారాన్ని ఎక్కించి చూస్తే, ముందుగా మూత్రంలో ఫాస్ఫరస్ పెరిగింది. రక్తంలో ఫాస్ఫరస్ తగ్గడం, కాల్షియం పెరగడం ఆ తర్వాతే. ఈ వరసను బట్టి, హార్మోన్ నేరుగా పనిచేసేది మూత్రపిండం మీదనే, ఎముక కరగడం దాని పర్యవసానమే అని ఆల్‌బ్రైట్ తేల్చారు. ఎముక మీద కూడా హార్మోన్ నేరుగా పనిచేస్తుందని తర్వాతి ప్రయోగాల్లో రుజువైంది. సిద్ధాంతం సగమే నిలిచింది. అయితే మూత్రంలో ఫాస్ఫరస్‌ను కొలిచే అలవాటు మాత్రం ఆయనను వదల్లేదు. పెద్ద ఫలితం దక్కింది దానివల్లే.

ఆ రోజుల్లో ఈ ఆస్పత్రి వైద్యులను బాగా ఇబ్బంది పెట్టిన రోగి చార్లెస్ మార్టెల్ అనే ఓడ కెప్టెన్. ఎముకలు గుల్లబారి మనిషి దాదాపు 7 అంగుళాలు కుంగిపోయాడు. మూత్రపిండాల్లో రాళ్లు. పారాథైరాయిడ్ గ్రంథి కణితి కోసం ఆరుసార్లు శస్త్రచికిత్స చేసినా అది దొరకలేదు. 1932లో ఏడోసారి ఛాతీ లోపల, గుండె దాపున కనిపించింది. కొన్ని వారాలకే, మూత్రనాళంలో ఇరుక్కున్న రాయికి చికిత్స చేశాక అతను చనిపోయాడు. పారాథైరాయిడ్ హార్మోన్ ఎక్కువవడం వల్ల వచ్చే, అప్పటిదాకా ఎముకల జబ్బుగానే తెలిసిన ఈ వ్యాధి మూత్రపిండాల్లో రాళ్లుగానూ బయటపడవచ్చని, అది అనుకున్నంత అరుదు కాదని ఆల్‌బ్రైట్, ఔబ్, బౌయర్ 1934లో 17 కేసులతో చూపారు.

1937లో రెండు పత్రాలు వచ్చాయి. ఒకటి విటమిన్ డికి లొంగని రికెట్స్ గురించి. రెండోది ఎముకల్లో గుల్లలు, చర్మంపై గోధుమరంగు మచ్చలు, ఆడపిల్లల్లో అకాల రజస్వల కలిసి వచ్చే జబ్బు గురించి. దానికే నేడు మెక్‌క్యూన్-ఆల్‌బ్రైట్ సిండ్రోమ్ అని పేరు.

1942 నాటి పత్రానిది ప్రత్యేక స్థానం. అందులో వర్ణించిన రోగుల రక్తంలో కాల్షియం తక్కువ, ఫాస్ఫరస్ ఎక్కువ. అంటే హార్మోన్ కొరత లక్షణాలే. తీరా పారాథైరాయిడ్ సారం ఎక్కిస్తే మూత్రంలో ఫాస్ఫరస్ పెరగవలసినంత పెరగలేదు. లోపం గ్రంథిలో లేదు, హార్మోన్ మాట వినని అవయవంలో ఉందని ఆల్‌బ్రైట్ బృందం నిర్ణయించింది. మగ హార్మోన్ ఉండి కూడా పెట్ట ఈకలే తొడిగే సీబ్రైట్ బాంటమ్ జాతి పుంజును దీనికి పోలికగా తెచ్చారు. (ఆ పుంజు చర్మం మగ హార్మోన్‌ను ఆడ హార్మోన్‌గా మారుస్తుందని చాలాకాలానికి బయటపడింది. పోలిక తప్పింది, ఊహ తప్పలేదు.) హార్మోన్ ఉన్నా అవయవం స్పందించకపోవడం ఒక జబ్బేనన్న ఆలోచనకు వైద్యంలో ఇక్కడే పునాది పడింది.

మూత్రపిండమే అసలు దోషి అయిన జబ్బు 1946 పత్రంలో కనిపిస్తుంది. మూత్రానికి తగినంత ఆమ్లత్వం ఇవ్వలేని మూత్రపిండం కాల్షియాన్ని పారబోస్తుంది, ఎముకలు మెత్తబడతాయి. సిట్రేట్ కలిపిన క్షార ద్రావణం తాగిస్తే నయమయ్యేది. 1949లో బర్నెట్ తదితరులతో రాసిన పత్రం, కడుపు పుండుకు ఏళ్ల తరబడి పాలు, క్షారం తీసుకున్నవారి మూత్రపిండాలు ఎలా దెబ్బతిన్నాయో వివరించింది.

ఈ పత్రాల్లో చాలావాటిని ఆల్‌బ్రైట్ పార్కిన్సన్ వ్యాధితో వణుకుతూనే పూర్తిచేశారు. 1956లో దానికి చేయించుకున్న మెదడు శస్త్రచికిత్స వికటించి మాట పోయింది. చనిపోయేదాకా 13 ఏళ్లు అలాగే గడిచాయి.

1942 నాటి ఊహకు రసాయన రుజువు 1969లో దొరికింది. హార్మోన్ ఇచ్చినప్పుడు, దాని సందేశాన్ని కణం లోపల మోసే సైక్లిక్ ఏఎమ్‌పీ ఆ రోగుల మూత్రంలో పెరగదని ఆర్‌బాక్ బృందం చూపింది. 1990ల మొదట్లో జన్యువు కూడా తెలిసింది. 1937లో వర్ణించిన మెక్‌క్యూన్-ఆల్‌బ్రైట్ సిండ్రోమ్‌కూ, 1942లో వర్ణించిన జబ్బుకూ మూలం ఒకే జన్యువు, జీఎన్ఏఎస్. మొదటిదానిలో దాని ప్రోటీన్ ఆగకుండా పనిచేస్తుంది, రెండోదానిలో చాలినంత పనిచేయదు.