గుండ్లు నింపిన చేతులు: బార్న్‌బో స్త్రీ కార్మికుల స్మృతి

యుద్ధచరిత్రలు సాధారణంగా సేనానుల పేర్లతో, సంధుల తేదీలతో నిండి ఉంటాయి. ఫిరంగి పేల్చినవాడికి వాటిలో దక్కిన చోటు ఆ గుండులో మందు నింపినవారికి దక్కలేదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్‌లో ఆ పని ఎక్కువగా స్త్రీలే చేశారు. 1918 నాటికి ఆయుధ, మందుగుండు పరిశ్రమల్లో పనిచేస్తున్న స్త్రీలు 9 లక్షలకు పైగా ఉన్నారు. వారి స్మృతి ఎలా మరుగున పడిందో, తిరిగి ఎలా వెలుగులోకి వచ్చిందో ప్రధానంగా ఒక్క కర్మాగారం ఆధారంగా ఇక్కడ పరిశీలిస్తున్నాము.

ఇంగ్లండులోని లీడ్స్ నగరం చేరువన, బార్న్‌బో అనే చోట 1915లో గుండ్లలో మందు నింపే ప్రభుత్వ కర్మాగారం వెలసింది. 1916 అక్టోబరు నాటికి అందులో సుమారు 16,000 మంది పనిచేసేవారు. వారిలో నూటికి 93 మంది స్త్రీలే. నిప్పురవ్వ పుడుతుందన్న భయంతో తలపిన్నులను, అగ్గిపెట్టెలను లోపలికి తీసుకుపోనిచ్చేవారు కారు. కాళ్లకు రబ్బరు అడుగుల జోళ్లు ఉండాలి. టి.ఎన్.టి. అనే పేలుడు పదార్థం వల్ల చర్మం, జుట్టు పచ్చబడేవి. ఆ విషం ఎక్కి కామెర్లతో మరణించినవారూ ఈ పరిశ్రమలో ఉన్నారు. ఒంటికి మంచిదని పాలు తాగమనేవారు. అందుకోసం కర్మాగారమే ఆవుల మందను పోషించింది.

1916 డిసెంబరు 5 రాత్రి పది గంటల షిఫ్టు అప్పుడే మొదలైంది. 42వ నంబరు గదిలో సుమారు 170 మంది నాలుగున్నర అంగుళాల గుండ్లకు ఫ్యూజులు అమర్చుతున్నారు. 10 గంటల 27 నిమిషాలకు ఒక గుండు పేలింది. 35 మంది స్త్రీలు మరణించారు. కొందరిని మెడలోని గుర్తింపు బిళ్లను బట్టి మాత్రమే ఆనవాలు పట్టగలిగారు. మృతదేహాలను తీసిన కొద్దిసేపటికే అదే గదిలో పనిచేయడానికి ఇతర స్త్రీలు తమంత తాము ముందుకు వచ్చారు.

యుద్ధకాలపు సెన్సారు వల్ల ఈ వార్త బయటికి రాలేదు. పత్రికల్లో కుటుంబాలు వేసుకున్న మరణ ప్రకటనల్లో ప్రమాదం అన్న మాట తప్ప వివరం లేదు. అసలు సంగతి లోకానికి తెలిసింది 1924లో. బిడ్డను పోగొట్టుకున్న తల్లి అన్నేళ్లు ఆ దుఃఖానికి కారణం చెప్పుకోలేని స్థితిలో ఉండిపోయింది.

భాషాశాస్త్రం చదువుకున్నవారిగా మా దృష్టి ఇక్కడ పేర్ల మీదికి పోతుంది. ఆ స్త్రీలను జనం 'కెనరీలు' అన్నారు. కెనరీ అంటే పసుపుపచ్చని చిన్న పిట్ట. ఆ మాటలోని చమత్కారం నిలిచింది, దాని వెనుకనున్న విషం మరుగున పడింది. స్కాట్లండు సరిహద్దులోని గ్రెట్నా కర్మాగారంలో స్త్రీలు నైట్రోగ్లిజరిన్‌ను, గన్‌కాటన్‌ను చేతులతో పిసికి ముద్ద చేసేవారు. దానిని చూసిన రచయిత కానన్ డాయిల్ 'దయ్యపు జావ' అన్నాడు. నేడు అక్కడి మ్యూజియానికి అదే పేరు. రెండూ చూసినవారు పెట్టిన పేర్లే. పిసికిన స్త్రీలు దానిని ఏమన్నారన్నది వారి నోట వినవలసిన మాట.

లండనులోని యుద్ధ మ్యూజియం పక్షాన 1917 నుంచే ఒక మహిళా ఉపసంఘం స్త్రీల పనికి సంబంధించిన ఛాయాచిత్రాలను, పత్రాలను సేకరించింది. వారి గొంతుల రికార్డింగు మాత్రం 1970లలో గాని సాగలేదు. అప్పటికి వారు డెబ్బై దాటిన ముసలమ్మలు. ఎందరో కాలం చేశారు. యార్క్ మహాదేవాలయంలోని ఒక గవాక్షాన్ని 1925లో యుద్ధంలో మరణించిన స్త్రీల స్మృతికి అంకితం చేసి, 1,400కు పైగా పేర్లు చెక్క పలకల మీద వ్రాశారు. బార్న్‌బో స్థలానికి రక్షిత స్మారక హోదా దక్కింది మాత్రం నూరేళ్లు నిండిన తరువాత, 2016లో.

ఇక మన సంగతి. షోలాపూరులో తరతరాలుగా తెలుగు స్త్రీలు బీడీలు చుడుతున్నారు. ఆ పనీ ఈ పనీ ఒకటని మేము అనడం లేదు. ఆకు తడపడం మొదలు కట్టలు కట్టడం దాకా వారి పనిమాటలు, పొగాకు దుమ్ము గురించి వారు చెప్పుకునే మాటలు వారి నోటనే ఉన్నాయి. బ్రిటన్ యాభై ఏళ్లు ఆలస్యం చేసి కొన్ని గొంతులనే దక్కించుకుంది. మనకు ఆ పెద్దమ్మలు ఇంకా ఎదురుగా ఉన్నారు. వారి పక్కన కూర్చుని వ్రాసుకోవలసిన పని మనది.